పెరటి గడప నుంచి గోదారి దాకా

మే 19, సోమవారం

కనకమ్మలంక చేరాను. కొత్తపేట నుంచి ఆటో, రేవు దాకా నడక, అక్కణ్ణించి నాటు పడవ. పడవలో నాతోపాటు ఒక గేదె, రెండు గ్యాస్ బండలు. లాప్‌టాప్ సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే పడవ మనిషి నవ్వాడు. మునిగితే ముందు సంచీనే పట్టుకునేలా ఉన్నానట. నిజమే కాబట్టి కోపం రాలేదు.

బస అంగన్‌వాడీ టీచరు నాగదుర్గ గారి ఇంట్లో, వీధి వైపు గది. ఇంట్లో ఆవిడా, తండ్రి సత్తియ్య గారూ, తల్లి మంగాయమ్మ గారూ. ఆవిడ భర్త మస్కట్‌లో పనిచేస్తున్నాడు. సత్తియ్య గారు కొబ్బరి దింపు మనిషి. నాలుగేళ్ళ కిందట చెట్టు మీంచి జారి మోకాలు దెబ్బతిన్నాక ఎక్కడం మానేశారు. మంగాయమ్మ గారికి షుగరు వల్ల చూపు పోయి పన్నెండేళ్ళయిందట. అయినా నా గ్లాసులో మంచినీళ్ళు అయిపోతే ఆవిడకే ముందు తెలుస్తోంది.

ఇంటి వెనక కొబ్బరి తోట, తోట చివర గోదారి. సాయంత్రం అక్కడిదాకా వెళ్ళి చూశాను. చివరి వరస చెట్ల మొదళ్ళ మీద ఎర్ర రంగుతో 9 అని రాసి ఉంది. బేరగాడి గుర్తేమో.

పని జూన్ 30 కల్లా అయిపోవాలి. లంకనంతా కంప్యూటర్‌లో ఐదు మీటర్ల గళ్ళుగా కోసి, దాని మీద వరదల్ని పారించి, ఏ గడి ఎప్పుడు నీళ్ళలో కలుస్తుందో చూడాలి. ఇరవై ఏళ్ళ తర్వాత గట్టు ఎక్కడుంటుందో అక్కడ మ్యాపు మీద ఎర్రగీత గీయాలి. గీత లోపల పడ్డ ఇళ్ళ వాళ్ళకి ఏటిగట్టు అవతల స్థలాలిచ్చి వరదకి ముందే తరలిస్తారు. గీత బయట వాళ్ళు ఉన్నచోటే ఉంటారు. అరవై ఒక్క ఇళ్ళున్నాయి.

మే 21

మాణిక్యాలరావు గారి ఫోను. మా కన్సల్టెన్సీ ఆయనదే. ఈసారి అల్లరి లేకుండా పని ముగించమన్నారు.

అల్లరంటే నిరుడు కృష్ణ ఒడ్డున జరిగింది. ఆ ఏడాదే నలభై మూడు ఇళ్ళు పోతాయని మోడల్ చెప్పింది, నేను చెప్పాను. జనాన్ని రేకుల షెడ్లలోకి మార్చారు. ఏరు అటువైపు తిరిగైనా చూడలేదు. షెడ్లలో ఎండకి తాళలేక ఒక పెద్దాయన పోయారు. తర్వాత జరిగిన మీటింగులో, కంప్యూటరుకి కూడా వడదెబ్బ తగిలిందా అని ఎవరో అంటే అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ పెద్దాయన కంటే నాకు ఆ నవ్వే ఎక్కువ గుర్తొస్తోంది, ఇది ఎవరికీ చెప్పుకోలేను.

మే 24

ఉపగ్రహ చిత్రాలు పనికి రావడం లేదు. కొబ్బరి చెట్టు నీళ్ళ మీదికి వంగి పెరుగుతుంది. పైనుంచి చూస్తే మట్టలే కనిపిస్తాయి, వాటి కింద నేల ఉందో లేదో తెలియదు. వరద నెలల్లో మబ్బులు తప్ప ఏమీ లేవు.

ఈ నేల కోతకి ఎంత తేలిగ్గా లొంగుతుందో చెప్పే అంకె ఒకటి మోడల్‌లో ఉంటుంది. దాన్ని ఊహించి వెయ్యకూడదు. వెనకటి ఏళ్ళలో నిజంగా ఎంత కోసుకుపోయిందో కొలతలుండాలి, వాటికి సరిపోయేదాకా ఆ అంకెను దిద్దాలి. నిరుడు ఊహించి వేశాను.

ఇదంతా సాయంత్రం విసుగ్గా నాగదుర్గ గారితో అన్నాను. ఆవిడ లోపలికి వెళ్ళి ఒక లాంగ్ నోట్‌బుక్ తెచ్చారు. మంగాయమ్మ గారి పుట్టిల్లు ఆవిడకి పదకొండో ఏట గోదాట్లో కలిసిపోయిందట. ఊరు పేరు కూడా ఇప్పుడు లేదు. అందుకని గోదారి ఎంత దూరంలో ఉందో తెలియకపోతే ఆవిడకి కంటి మీద కునుకు ఉండదు. ప్రతి అమావాస్య పొద్దున్నా సత్తియ్య గారు పెరటి గడప దగ్గర మొదలుపెట్టి, ఆవిడకి వినపడేలా పైకి లెక్కపెడుతూ, గట్టు అంచు దాకా అంగలు వేస్తారు. ఆ సంఖ్యని తొమ్మిదో తరగతి నుంచి నాగదుర్గ గారు రాస్తున్నారు.

మొదటి వరస, 2010 జూన్, 172 అంగలు. కిందటి నెల, 142. మొత్తం నూట ఎనభై దాకా కొలతలు. ప్రపంచంలో ఏ నదికైనా ఉందా ఇలాంటిది? నెలనెలా, ఒకే చోటు నుంచి, ఒకే మనిషి! నాకు కేక పెట్టాలనిపించింది.

పుస్తకం చూపించినట్టు నాన్నకి చెప్పొద్దన్నారు, సిగ్గుపడతారట. చెప్పనన్నాను.

మే 27, అమావాస్య

కిటికీలోంచి చూశాను. మంగాయమ్మ గారు పెరటి అరుగు మీద కూర్చున్నారు, చేతిలో కాఫీ గ్లాసు. సత్తియ్య గారు గడప దగ్గర కాళ్ళు కలిపి నిలబడి మొదలుపెట్టారు. గొంతు పెద్దది. తోట చివరి నుంచి కూడా ఒక్కో అంకె స్పష్టంగా వినిపించింది. నూట నలభై ఒకటి దగ్గర ఆగింది. ఆవిడ తలాడించి అప్పుడు కాఫీ తాగారు. అప్పటిదాకా గ్లాసు అలాగే పట్టుకుని ఉన్నారు.

అంగ చిన్నది. మోకాలి వల్ల.

మే 28

ఎవరూ లేనప్పుడు టేపుతో కొలిచాను. పెరటి గడప నుంచి గట్టు అంచుకి 64 మీటర్లు. అంటే అంగ నలభై అయిదు సెంటీమీటర్లు. పదిహేనేళ్ళలో తగ్గినవి ముప్పై ఒక్క అంగలు, అంటే పద్నాలుగు మీటర్లు. ఏడాదికి ఒక మీటరు కూడా కాదు. చాలా మంచి గట్టు.

మోకాలు దెబ్బతినక ముందు అంగ ఇంకా పెద్దదై ఉండొచ్చు. అది తర్వాత చూడాలి.

పట్టికలో అన్ని వరసలూ ఎక్కించాను. తేదీ, అంగలు, మీటర్లు, కొలత తీసినవారు. చివరి గడిలో నూట ఎనభై సార్లు సత్తియ్య, సత్తియ్య, సత్తియ్య.

జూన్ 6

మోడల్ పుస్తకానికి అతుక్కుపోయింది. ఇంత బాగా కుదరడం నా అనుభవంలో లేదు. ఇరవై ఏళ్ళకి ఇరవై మీటర్లు. జాగ్రత్త కోసం దాన్ని రెట్టింపు చేసి నలభై దగ్గర గీత గీశాను. లంక పైకొస, వంపు దగ్గర తొమ్మిది ఇళ్ళు లోపల పడ్డాయి. ఈ ఇల్లు గీతకి ఇరవై నాలుగు మీటర్లు బయట ఉంది.

పొద్దున్న పెసరట్టు. నాలుగు తిన్నాను.

జూన్ 14

ఇవాళ అరుగు మీద మ్యాపు పరిచి చూపించాను. సత్తియ్య గారు చాలాసేపు దాని మీద వంగి ఉన్నారు. తమ ఇల్లు ఏదో అడిగారు, వేలు పెట్టి చూపించాను. గీత ఏదో అడిగారు, అదీ చూపించాను. రెంటికీ మధ్య ఖాళీ మీద బొటనవేలు ఆనించి అలాగే ఉంచారు.

“ఇదంతా ఆ మిషనుకి ఎలా తెలుస్తాదండీ?” అన్నారు.

నేను ఆకాశం వైపు చూపించి ఉపగ్రహాలనీ, వరద లెక్కలనీ ఏదో చెప్పాను. పుస్తకం సంగతి ఎత్తలేదు, నాగదుర్గ గారికి మాటిచ్చాను కదా.

ఆయన మొహం విప్పారింది. అంతకు ముందు అది ముడుచుకుని ఉందని అప్పుడే తెలిసింది. “అయితే నాకే లేనిపోని భయవన్న మాటండి. కాళ్ళతో కొలుచుకునేవోణ్ణి, నాకేం తెలుస్తాదండీ. ఆకాశంలోంచి చూసిందాని కంటేనా?” అన్నారు. తర్వాత మొక్కజొన్న పొత్తులు తెప్పించి కాల్పించారు. పళ్ళలో ఇరుక్కున్న పీచు ఇప్పటికీ రావడం లేదు.

లేనిపోని భయం అని ఎందుకన్నారో.

జూన్ 18

మధ్యాహ్నం మంగాయమ్మ గారు నన్ను పిలిచి, వంటింట్లో కూర్చుంటే గోదారి సద్దు ఇదివరకటి కంటే దగ్గరగా వినపడుతోందన్నారు. గాలి అటు తిరిగిందండీ పిన్నిగారూ, అందుకే అన్నాను. గీత గురించి చెప్పి, ఇరవై ఏళ్ళ దాకా మీకు ఏ ఢోకా లేదన్నాను. మాట చాలా ధీమాగా వచ్చింది, నాకే ముచ్చటేసింది.

“ఆయ్. అయితే నా చెవులకీ వయసొచ్చేసింది బాబూ,” అని నవ్వారు.

జూన్ 25, అమావాస్య

నూట నలభై.

ఈసారి తోటలో అరటి గెల నరికే మిషతో దగ్గర్నించి చూశాను. చివరి ఇరవై అంగలూ ఆయన గట్టు అంచున ఒకేచోట నిలబడి వేశారు. కాళ్ళు లేచి పడుతున్నాయి, మనిషి కదలడం లేదు. నోరు మాత్రం నూట ఇరవై రెండు, నూట ఇరవై మూడు అని అరుస్తోంది. నన్ను చూసి ఆగలేదు. పూర్తిచేసి వెనక్కి వస్తూ మోకాలు పట్టేసిందండీ అన్నారు.

మోకాలే అయి ఉంటుంది. నొప్పితో అడుగు పడక, లెక్క మాత్రం జరిగిపోయి ఉంటుంది.

రికార్డులో 140 ఎక్కించాను.

జూన్ 30

రిపోర్టు పంపాను. మాణిక్యాలరావు గారు మెచ్చుకున్నారు. ఇదీ పద్ధతంటే, అన్నారు.

జూలై 4

తొమ్మిది ఇళ్ళ జాబితా సచివాలయం గోడకి అంటించారు. గీత బయట ఉన్నవాళ్ళు లోపల ఉన్నవాళ్ళని పరామర్శించి వస్తున్నారు. నేను హైదరాబాద్ వెళ్ళిపోవచ్చు. వరద ఎలా వస్తుందో ఒకసారి చూసి వెళ్దామని ఆగాను. అంతే. వేరే కారణం లేదు.

జూలై 6

గోదారి ఎర్రబడింది. పై నుంచి కొత్తనీరు. నిన్నటిదాకా పచ్చగా ఉన్నది పొద్దున్న లేచేసరికి మట్టి రంగు. పిల్లలు చూడ్డానికి పరుగెత్తారు. సత్తియ్య గారు వెళ్ళలేదు.

జూలై 10

మధ్యాహ్నం భోజనాల దగ్గర ఉండగా తోటలోంచి ఒక చప్పుడు. పెద్దదేమీ కాదు, బస్తా దించినట్టు. వెళ్ళి చూస్తే చివరి వరస మొత్తం లేదు. మూడు చెట్లు తలలు పైకే ఉంచి నిలువునా తేలుతూ కిందికి పోతున్నాయి. మిగతావి కనిపించలేదు.

ఇప్పుడు గట్టు మీద నిలబడ్డ చెట్ల మొదళ్ళ మీద 10 అని ఉంది.

జూలై 11

ఆ అంకెల సంగతి నాగదుర్గ గారిని అడిగాను. అరుగు మీద పిల్లలకి పలకల మీద గీతలు గీసిస్తూ మామూలుగానే చెప్పారు. పుస్తకం మొదలుపెట్టిన ఏడే నాన్న చెట్ల వరసలకి నంబర్లు వేశారట. కాయ పడవల మీద పోయేది కాబట్టి దింపు గోదారి వైపు నుంచే మొదలు. అందుకని గోదారి పక్క వరస ఒకటి, ఇంటి పక్క వరస పదహారు.

ఒకటి నుంచి ఎనిమిది దాకా ఎక్కడున్నాయని నేను అడగలేదు. వచ్చిన రోజునే 9 చూశాను. యాభై మూడు రోజులు చూస్తూనే ఉన్నాను.

వరసకీ వరసకీ ఎనిమిది మీటర్లు. పదహారు వరసలంటే 128 మీటర్లు. అప్పుడు 172 అంగలు. అంగకి డెబ్భై నాలుగు సెంటీమీటర్లు, చెట్లెక్కే మనిషి అంగ. సరిగ్గా సరిపోయింది.

అంటే పోయింది పద్నాలుగు మీటర్లు కాదు. నిన్నటితో కలిపి డెబ్భై రెండు. గట్టు వెనక్కి వచ్చిన కొద్దీ ఆయన అంగ తగ్గించుకుంటూ వచ్చారు. ఆవిడకి చూపు పోయాక మొదలుపెట్టి ఉంటారు. అరుగు మీద కాఫీ గ్లాసు పట్టుకుని కూర్చున్న మనిషికి ఏడాదికి రెండో మూడో తప్ప తగ్గకూడదు.

ఆ అంకెలు నేను తీసుకెళ్ళి మిషన్‌కి పెట్టాను. మిషన్ చెప్పిందని ఆయన నమ్మారు.

జూలై 12

మళ్ళీ నడిపించాను. కోత అంకె దిద్ది, చెట్ల వరసల కొలతలతో. గీత ఇల్లు దాటి, వీధి దాటి, అంగన్‌వాడీ వెనక నుంచి పోయింది. ముప్పై ఎనిమిది ఇళ్ళు లోపల. ఈ ఇంటికైతే ఇరవై ఏళ్ళు కాదు, ఈ వరద, మహా అయితే వచ్చే వరద.

నిరుడు కూడా తెర మీద ఇలాగే ఎర్రగా వచ్చింది. నలభై మూడు. ఇప్పుడు ముప్పై ఎనిమిది. అదే ఎరుపు.

జూలై 13

మాణిక్యాలరావు గారికి ఫోన్ చేశాను. రిపోర్టు మార్చాల్సి రావచ్చన్నాను. ఆధారం అడిగారు. చెట్ల మీద అంకెలన్నాను. పక్కాగా తీసిన కొలత ఒక్కటి పంపు చూద్దాం, జనాన్ని మాత్రం కంగారు పెట్టకు అన్నారు.

నిజమే. టేపు ఇవాళ్టి దూరం చెబుతుంది గానీ పుస్తకం తప్పని చెప్పదు. ఆయన అంగలు వేస్తుండగా వీడియో తీసి, పక్కన టేపు పరిస్తే ఎవరూ కాదనలేరు. అమావాస్య 24న. పదకొండు రోజులు. అప్పటిదాకా ఆగితే సరైన కొలత ఒకటి దొరుకుతుంది.

జూలై 15

సత్తియ్య గారి పక్కన కూర్చున్నాను, చెప్పేద్దామని. ఈనెలు చీరి చీపురు కడుతున్నారు. దోమల గురించి మాట్లాడుకున్నాం.

చెబితే ఆవిడ వినేలా చెప్పినట్టే. ఆ ఇంట్లో ఆవిడకి వినపడనిదంటూ లేదు.

జూలై 17

టేపు మీద 56 మీటర్లు.

జూలై 19

54. చెప్పలేదు.

జూలై 21

ధవళేశ్వరం దగ్గర మొదటి హెచ్చరిక. వంపు దగ్గర తొమ్మిది ఇళ్ళ వాళ్ళు సామాన్లతో పడవలెక్కారు. గీత లోపలివాళ్ళు కదా.

అమ్మని నాలుగు రోజులు ఐనవిల్లిలో పిన్ని ఇంటికి పంపనా అన్నయ్యగారూ అని నాగదుర్గ గారు అడిగారు. అమావాస్య వెళ్ళాక చూద్దామన్నాను.

“ఎలాగూ మనం గీత బయటే ఉన్నాం లెండి,” అన్నారు.

నేను తలాడించాను. ఇది రాసుకోవాలి. తలాడించాను.

జూలై 23

51. రేపే.

జూలై 24, చుక్కల అమావాస్య

వరసగా రాస్తాను. వరస తప్పితే రాయలేను.

తెల్లవారి ఆరున్నర. వాన లేదు. గోదారి గట్టుకి మూర కిందగా పోతోంది. నాగదుర్గ గారు ఈ నెలకి మానెయ్యండి నాన్నా అన్నారు. మానేద్దామనే ఆయనకీ ఉంది. నా వైపు చూశారు. నా చేతిలో ఫోను ఉంది, టేపు అప్పటికే గడ్డిలో పరిచి ఉంది. అప్పుడు మంగాయమ్మ గారు అరుగు మీంచి, “ఏవండీ, మొదలెట్టేరా?” అన్నారు. ఆయన గడప దగ్గర కాళ్ళు కలిపారు.

వీడియో తీస్తూ పక్కనే నడిచాను. అంగ నలభై సెంటీమీటర్లు. నేను అనుకున్నదాని కంటే చిన్నది. జానెడు జానెడు పాకుతున్నట్టుంది, గొంతు మాత్రం పెద్ద అంగలు వేసే మనిషిది. నేను పదో నంబరు చెట్టు దగ్గర ఆగిపోయాను. ఆయన ఇంకా ముందుకు వెళ్ళి నూట ఇరవై దగ్గర అంచుకి చేరారు. అక్కడ నిలబడి మిగతావి వెయ్యడం మొదలుపెట్టారు. నూట ముప్పై తొమ్మిది చెయ్యాలి కదా. ఒక్కచోటే, బరువంతా వేసి, కుడీ ఎడమా.

నాకు తెలుసు. వంగిన గట్టు కింద నీరు బోలు చేసి ఉంటుందని మోడల్‌లో నేనే రాశాను. వెనక్కి రండి బాబాయిగారూ అనడానికి నోరు తెరిచాను. అంటే వీడియోలో నా గొంతు పడుతుందనిపించింది. అలా అనిపించిన మాట నిజం.

నూట ఇరవై అయిదు. నూట ఇరవై ఆరు.

బస్తా దించినట్టు చప్పుడు. ఆయన ఉన్నచోట నీళ్ళు కనిపించాయి.

నేను అరవలేదు. ఎవరూ అరవలేదు. అరుగు మీంచి మంగాయమ్మ గారు ఆయన లెక్క మరిచిపోయారనుకుని అందించారు.

“నూట ఇరవై ఏడండీ,” అన్నారు.

కాసేపాగి మళ్ళీ అన్నారు.

జూలై 25

పడవలు వెతుకుతున్నాయి.

జూలై 26

దొరికారు. రెండు లంకల కింద, తుంగలో. పదో నంబరు వరస కూడా రాత్రి పోయింది.

జూలై 28

లంక ఖాళీ చేశారు. అందరం ఏటిగట్టు అవతల స్కూల్లో ఉన్నాం. దిద్దిన గీత పంపాను. వీడియో కూడా. మాణిక్యాలరావు గారు ఈసారి ఆధారం అడగలేదు.

ఐదో తరగతి గదిలో మంగాయమ్మ గారు గోడకి ఆనుకుని కూర్చున్నారు. నాగదుర్గ గారు స్నానానికి వెళ్ళారు. నేను ఎదురుగా కూర్చుని చెప్పాను. పుస్తకం, మిషన్, చెట్ల మీద అంకెలు, పదకొండు రోజులు, వీడియో, అన్నీ. ఆవిడ కదలకుండా విన్నారు.

“నాకు తెల్సు బాబూ,” అన్నారు.

తర్వాత నెమ్మదిగా చెప్పుకొచ్చారు. మూడేళ్ళుగా ఆవిడకి తెలుసట. ఆయన అడుగు నేల మీద పడే సద్దు ఆవిడకి వినపడదా? మొదట్లో ధడ్ ధడ్ మని పడేది, తర్వాత చీపురు గీసినట్టు వినపడేది. ఒక్కచోటే వేసే అంగలు కూడా తెలుస్తూనే ఉండేవి. కానీ ఆవిడ భయపడుతుందని ఆయన భయపడుతుంటే, ఆవిడ వింటున్నట్టే కూర్చునేవారు. ఈ వేసవి దాటగానే ఎలాగైనా ఆయన్ని ఒప్పించి ఐనవిల్లి చేరిపోదామని మనసులో ఖాయం చేసుకున్నారట.

“మరి?” అన్నాను. అడక్కుండా ఉండాల్సింది.

“మీ గీత వచ్చింది కదా బాబూ. ఇరవై ఏళ్ళన్నారు మీరు. ఆకాశంలోంచి చూసింది చెప్తుంటే, కళ్ళు లేనిదాన్ని, నా చెవులేపాటి? నేనే తప్పు వింటున్నాననుకున్నాను.” చెయ్యి చాపి నా మోకాలు వెతికి పట్టుకున్నారు. “మీ మిషను కూడా ఆయన మాటే చెప్పిందా? పిచ్చిది.”

నాగదుర్గ గారు వచ్చి నన్నూ ఆవిణ్ణీ చూసి తడి జుట్టు ముడేసుకుంటూ గుమ్మంలోనే నిలబడ్డారు. ఆవిడకి కూడా చెప్పాలి.

ఆగస్టు 2

నాగదుర్గ గారికి చెప్పాను. పుస్తకం నా చేతిలో పెట్టి, ఇంక మీ దగ్గరే ఉంచుకోండి అన్నారు. ‘అన్నయ్యగారూ’ అనలేదు.

పొద్దున్న ఇల్లు పడిపోయిందని పడవ మనిషి వచ్చి చెప్పాడు. వంటింటి వైపు ముందు పోయిందట. దిద్దిన మోడల్ కూడా అలాగే చూపించింది. ఆ సంగతి ఎవరితోనూ అనలేదు.

పట్టిక తెరిచాను. పాత వరసలన్నిటికీ మీటర్లు దిద్దాను, అంగలు దిద్దలేదు. అవి ఆయనవి. చివర్న ఒక వరస చేర్చాను. తేదీ జూలై 24. అంగలు 126. మీటర్లు 48, వీడియోలో టేపు మీద కనిపించినంత.

కొలత తీసినవారు అన్న గడి దగ్గర చెయ్యి అలవాటుగా సత్తియ్య అని కొట్టింది. చెరిపేసి నా పేరు రాశాను.